వేడి కాలువ మీద ఫిర్యాదు లేని మనిషి

మా ఆడపడుచుకు అబద్ధం ఆడటం రాదు. ఇది గొప్పగా చెప్పడం లేదు, లోపమనే చెబుతున్నాను. ఇష్టంలేని చుట్టం ఎవరైనా గుమ్మంలోకి వచ్చి "మీ తమ్ముడున్నాడా?" అని అడిగితే, "ఉన్నాడు, మిమ్మల్ని చూసి మంచం కిందకి దూరాడు" అని చెప్పే మనిషి. ఆ తమ్ముడు నా మొగుడు. ఆ తర్వాత చుట్టానికి మర్యాదలు చేయాల్సింది నేను.

వీధిలో అందరూ ఆవిణ్ణి దుప్పట్లక్క అంటారు. పెద్దాసుపత్రి దుప్పట్లు ఉతుకుతుంది. మా ఆయన చిన్నగా ఉన్నప్పుడే వాళ్ళమ్మ పోతే, ఆ దుప్పట్ల మీదే తమ్ముణ్ణి పెంచింది, చదివించింది, నాలాంటి బంగారంలాంటి పిల్లను వెతికి పెళ్ళి చేసింది. తను మాత్రం పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు వదినా అని ఒకసారి అడిగాను.

"తీరిక దొరకలేదు" అంది. అంతే. ఆ కథ అక్కడితో అయిపోయింది.

మా వీధి చివర కరెంటు ఫ్యాక్టరీ ఉంది. నదిలోంచి నీళ్ళు తోడుకుని, లోపల కాగిపోయే యంత్రాల చుట్టూ తిప్పి, బయటకు వదిలేస్తుంది. చల్లగా లోపలికి వెళ్ళిన నీళ్ళు వేడెక్కి బయటికొస్తాయి. అవి పారే కాలువను మేం వేడి కాలువ అంటాం. మా ఊరు చలి ఊరు. ఏడాదిలో ఎక్కువ నెలలు కుళాయి కింద చెయ్యి పెడితే చెయ్యి మనది కాదనిపిస్తుంది. అందుకని వీధి వీధంతా ఆ కాలువ దగ్గరే స్నానాలు, అంట్లు, పిల్లల తలంట్లు. మా ఆయన రోజూ అందులో మెడదాకా మునిగి పాటలు పాడేవాడు. ఆ నీళ్ళు మాకు ఇస్తున్నామని ఫ్యాక్టరీ ఎప్పుడూ అనుకోలేదు, తీసుకుంటున్నామని మేమూ అనుకోలేదు.

వదిన సంగతి వేరు. ఆవిడకు వేళ్ళ కీళ్ళు వాచి ఉంటాయి. పొద్దున లేచేసరికి రెండు చేతులూ పిడికిళ్ళలా ముడుచుకుపోతాయి, ఎంత లాగినా తెరుచుకోవు. స్వెట్టరు గుండీలు నేను పెట్టాలి, జుట్టు నేను ముడెయ్యాలి. అలా తయారై కాలువకు వెళ్ళి, మోచేతుల దాకా ఆ వేడి నీళ్ళలో ముంచి కూర్చుంటుంది. కాసేపటికి వేళ్ళు ఒక్కొక్కటీ విచ్చుకుంటాయి. అప్పుడు గుండీలు తనే విప్పుకుని, స్వెట్టరు మడిచి గట్టు మీద పెట్టి, సోడాలో నానిన దుప్పట్లు బండకెత్తుకుంటుంది. ఇక చూడాలి ఆ చేతుల్ని. నేను ఒక దుప్పటి పిండేలోపు ఆవిడ మూట పిండేస్తుంది. ఆసుపత్రి డాక్టరు మాత్రలు రాశాడు, విశ్రాంతి తీసుకోమన్నాడు, చన్నీళ్ళలో చెయ్యి పెట్టొద్దన్నాడు. ఆ చివరిమాట ఒక్కటే వదిన చెవికెక్కింది. ఆ కాలువ ఉన్నంతకాలం ఆవిడకు చేతులున్నట్టు, చేతులున్నంతకాలం పనున్నట్టు. ఇది వీధిలో అందరికీ తెలిసిన విషయమే.

అలా ఉండగా ఫ్యాక్టరీలో ఒక విదేశీ కంపెనీ వాటా కొనుక్కుంది. వాళ్ళ దేశంలో కరెంటు అమ్మీ అమ్మీ, ఇక అమ్మడానికి అక్కడెవరూ మిగలక, ఆసియా మీద పడ్డారని సైకిల్ షాపు మావయ్య చెప్పాడు. ఆ కంపెనీ పేరు ఎవరికీ నోరు తిరక్క వాటా కంపెనీ అని పిలుచుకున్నాం. గేటు దగ్గర పాత బోర్డు పీకేసి కొత్తది పెట్టారు. దాని మీద రెండు చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. రెండు చేతులకూ కోటు ఉంది. ఫ్యాక్టరీకీ వాటా కంపెనీకీ స్నేహం కుదిరిందన్నమాట. మాకు అభ్యంతరమేముంటుంది?

తర్వాత కబురొచ్చింది. పాత ఫ్యాక్టరీని బాగుచేయబోతున్నారు, ముందు చుట్టుపక్కల జనాన్ని పిలిచి కష్టసుఖాలు అడుగుతారు, అది ఆ కంపెనీ పద్ధతి, ఏ దేశానికి వెళ్ళినా అలాగే చేస్తుందట. ఈ కబురు వెనకాలే సైకిల్ షాపు మావయ్య ఇంకో కబురు మోసుకొచ్చాడు. ఏదో దేశంలో ఇదే కంపెనీ సముద్రంలో గాలిమరలు పెట్టినప్పుడు, వలలు పాడయ్యాయన్న వాళ్ళందరికీ నష్టపరిహారం ఇచ్చిందట.

"వల లేనివాళ్ళకి కూడానా?" అని అడిగాడు మా ఆయన.

"వల ఉందా అని అడగరటోయ్. నష్టం జరిగిందా అని మాత్రమే అడుగుతారట."

ఇంకేముంది, ఆ రోజు నుంచి వీధికి నిద్ర లేదు. జన్మలో ఎప్పుడూ లేనంత శ్రద్ధగా ఎవరి నష్టం వాళ్ళు వెతుక్కున్నారు. కాలువ ఆవిరికి ఉప్పంతా నీరుకారిపోతోందని కిరాణా కొట్టాయన తేల్చాడు. ఆయన కొట్టు వీధికి అవతలి చివర ఉంది. ఆవిరికి సూదులు తుప్పు పడుతున్నాయని కుట్టుమిషనావిడ. టైర్లు మెత్తబడుతున్నాయని సైకిల్ షాపు మావయ్య. మా ఆయన అయితే ఒంటికి దురదలంటూ మొదలుపెట్టి, మాటకు సాక్ష్యం ఉండాలి కదా అని, అంట్లు తోమే పీచు తీసుకుని కుడి మోచెయ్యి రుద్దుకున్నాడు. నా పీచు.

"సిగ్గులేదూ? రోజూ అందులోనే కదా మునిగి తేలేది!" అన్నాను.

"నీకేం తెలుసే? ఈ డబ్బొస్తే అక్క చేత పని మాన్పించేస్తా" అన్నాడు. ఆ మాట నిజంగానే అన్నాడు. అది మాత్రం నేను ఒప్పుకోవాలి. మా ఆయన ఏ వెధవ పని చేసినా అందులో ఎక్కడో ఒక మూల ఆవిడ ఉంటుంది.

ఇక మిగిలింది వదిన. చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. వదినా, ఊరికే చేతులు చూపించు, ఈ నీళ్ళ వల్లే వాచాయని ఒక్క ముక్క చెప్పు, నీ చేతులు చూస్తే ఎవరైనా నమ్ముతారు, పీచుతో కూడా పని లేదు అన్నాను.

"ఆ నీళ్ళ వల్ల వాచలేదుగా" అంది.

"వాచలేదని నాకూ తెలుసమ్మా! చెప్పమంటున్నాను!"

"ఆ నీళ్ళ మీద ఎలా చెప్పమంటావే? రేప్పొద్దున మళ్ళీ అందులో చేతులు పెట్టొద్దూ?"

ఇలాంటి మనిషితో ఏం మాట్లాడతాం? తలుపు ధడాలున వేసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

మీటింగు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పెట్టారు. గోడ మీద తెర కట్టి ఆసియా పటం చూపించారు. వాటా కంపెనీకి ఎక్కడెక్కడ స్నేహాలున్నాయో అక్కడల్లా పచ్చ చుక్కలు. ఒకచోట ఆనకట్ట, ఒకచోట గ్యాసు ఓడలు, ఒకచోట కొండ నిండా సోలారు పలకలు. అన్ని దేశాల్లోనూ కోట్లవాళ్ళు వరసగా నిలబడి నవ్వుతున్నారు. మా ఫ్యాక్టరీకీ ఒక చుక్క పెట్టారు. అది చూసి కిరాణా కొట్టాయన చప్పట్లు కొట్టాడు, మేమంతా కొట్టాం. తర్వాత వాటా కంపెనీ తరఫున ఒకావిడ లేచింది. ఈ దేశాలన్నీ తిరిగి మాలాంటి వాళ్ళను ప్రశ్నలడగడమే ఆవిడ ఉద్యోగమట. పొట్టిగా, నెరిసిన జుట్టుతో, కాళ్ళకు నడిచి నడిచి అరిగిన బూట్లతో ఉంది. పక్కన టై కట్టుకున్న దుబాసీ. ఆవిణ్ణి మేం ప్రశ్నలావిడ అనుకున్నాం గానీ, నిజానికి ఆవిడ అడిగింది ఒకటే ప్రశ్న. అందర్నీ అదే.

"ఈ నీళ్ళ వల్ల మీకేమైనా నష్టం జరిగిందా?"

జరిగింది, జరిగింది, జరిగింది. ఉప్పు, సూదులు, టైర్లు. ప్రశ్నలావిడ ఒక్కరినీ మధ్యలో ఆపలేదు, ఒక్కరికీ ఎదురు చెప్పలేదు, ఓపికగా అంతా రాసుకుంది. మా ఆయన చొక్కా చెయ్యి మడిచి మోచెయ్యి చూపించేసరికి, అయ్యో అన్నట్టు మొహం పెట్టి ఫొటో తీయించింది. మా ఆయన గర్వంగా అటూ ఇటూ తిప్పి మరీ చూపించాడు.

వదిన వంతు వచ్చింది.

"ఈ నీళ్ళ వల్ల మీకేమైనా నష్టం జరిగిందా?"

"లేదు" అంది వదిన.

దుబాసీ ఇంకా వింటున్నట్టు నిలబడ్డాడు. ప్రశ్నలావిడ కలం పట్టుకుని ఆగింది.

"మేలే జరిగింది. నా చేతులు ఈ నీళ్ళ వల్లే ఆడుతున్నాయి, ఈ చేతుల వల్లే తింటున్నాను. ఈ నీళ్ళు ఆగిపోతే అప్పుడు నష్టం" అని చెప్పి వచ్చి నా పక్కన కూర్చుంది.

వెనక కుర్చీల్లోంచి కుట్టుమిషనావిడ "అమ్మో, మన కొంప ముంచుతోంది" అని గొణిగింది. ప్రశ్నలావిడ మాత్రం మిగతా అందరికీ రాసినదానికంటే ఎక్కువసేపు రాసింది. నేను ఇంటికొచ్చాక ఆ రోజంతా వదినతో మాట్లాడలేదు. మాట్లాడలేదని ఆవిడ గమనించలేదు, అదింకా ఒళ్ళు మండిపోయే సంగతి.

కొన్ని నెలలకు ఫలితం వచ్చింది. గేటు దగ్గర దుబాసీ నిలబడి చదివాడు. వేడి నీళ్ళ వల్ల ప్రజలు పడుతున్న బాధలు విని కంపెనీ చలించిపోయింది. నీళ్ళు చల్లార్చే టవర్లు అన్నిటికంటే ఆఖర్న కట్టాలనుకున్నారట, ఇప్పుడు అన్నిటికంటే ముందు కట్టేస్తారట. ఇక కాలువలోకి వచ్చే నీళ్ళు నది నీళ్ళంత చల్లగా ఉంటాయి. ఆసియా మొత్తం మీద ప్రజలే ముందుకొచ్చి ఇలా అడిగిన చోటు ఇదొక్కటేనట, అందుకు అభినందనలు.

"మరి నష్టపరిహారం?" అన్నాడు సైకిల్ షాపు మావయ్య.

"నష్టాన్నే తీసేస్తున్నాం కదండీ" అన్నాడు దుబాసీ.

మేం పప్పులో కాలేశామని అర్థమయ్యేసరికి దుబాసీ కారెక్కేశాడు. మా ఆయన మోచెయ్యి ఫొటో కంపెనీ వేసిన రంగుల పుస్తకంలో వచ్చింది. దాన్ని దేశదేశాల్లో ఉన్న భాగస్వాములందరికీ పంచారట. మా ఆయన పక్క ఊరికి కూడా సరిగ్గా వెళ్ళిన మనిషి కాదు. ఆయన మోచెయ్యి మాత్రం ఆసియా అంతా తిరిగింది.

టవర్లు లేచాయి. ఒక పొద్దున ఎప్పట్లాగే నేను గుండీలు పెట్టి పంపాను. వదిన కాలువలో చేతులు పెట్టింది. పెట్టి, వెంటనే తీసింది. మళ్ళీ పెట్టింది. నీళ్ళు మంచులా ఉన్నాయి. ఆ రోజు సాయంత్రం దాకా ఆ పిడికిళ్ళు తెరుచుకోలేదు. స్వెట్టరు గుండీలు విప్పింది కూడా నేనే.

ఇంట్లో గంగాళాలతో నీళ్ళు కాచి పోశాం. ఆసుపత్రి దుప్పట్లకు అవి ఏ మూలకి? బండ దగ్గర వదిన బదులు నేను దిగాను. నా చేతులు బాగానే ఉన్నాయి గానీ నాకు ఆ ఒడుపు లేదు, మూట తరిగేది కాదు. ఆసుపత్రి స్టోరాయన మంచివాడే. ఇంకొన్ని రోజులు చూస్తానన్నాడు, తర్వాత మిషన్లున్న లాండ్రీకి ఇచ్చేస్తానన్నాడు. వదిన సరేనంది. ఒక్కసారి కూడా ఎవర్నీ ఏమీ అనలేదు. అరిచినా బాగుండేది. ఒకరోజు భోజనం దగ్గర చెంచా పట్టుకోబోతే జారిపోయింది. మళ్ళీ తీసింది, మళ్ళీ జారింది. నేను కంచం లాక్కుని తినిపించాను. ఆవిడ చిన్నపిల్లలా నోరు తెరిచింది. ఎదురుగా మా ఆయన ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. తర్వాత చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. అందులో దాచడానికేం లేదు.

అంతలో ప్రశ్నలావిడ మళ్ళీ వచ్చింది. పని పూర్తయ్యాక తిరిగి వచ్చి, ముందు రాసుకున్న వాళ్ళందరినీ మళ్ళీ అడగడం కూడా వాళ్ళ పద్ధతట. ఈసారి క్యాంటీన్‌లో పటం లేదు, చప్పట్లు లేవు. ఈసారి కూడా ప్రశ్న ఒకటే.

"మీ నష్టం తీరిందా?"

తీరిందన్నాడు కిరాణా కొట్టాయన, ఉప్పు ఇప్పుడు పొడిపొడిగా ఉందన్నాడు. తీరిందంది కుట్టుమిషనావిడ. చలికి ఆవిడ ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది. తీరలేదంటే ఇంకేం చల్లారుస్తారోనని అందరికీ భయం. మా ఆయన లేచాడు. మొహం పాలిపోయింది. చొక్కా చెయ్యి మడిచి మోచెయ్యి ముందుకు పెట్టాడు.

"నా చేతికి ఎప్పుడూ ఏమీ కాలేదండీ. పీచుతో రుద్దుకున్నాను. ఆ నీళ్ళు చల్లారిపోయాక మా అక్క చేతులు పడిపోయాయి. ఆ రోజు ఆవిడ చెప్పిందే నిజం, నేను చెప్పింది అబద్ధం. రాసుకోండి."

దుబాసీ ఇది చెప్పాలా వద్దా అన్నట్టు చూశాడు. "చెప్పండి, మొత్తం చెప్పండి" అన్నాడు మా ఆయన. మొత్తం చెప్పాడు. క్యాంటీన్‌లో అందరూ మా ఆయన్ని చంపేసేలా చూశారు. నాకు మాత్రం పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆ మనిషి మొదటిసారి నిటారుగా నిలబడ్డట్టు కనిపించాడు.

ప్రశ్నలావిడ లేచి వదిన దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. వదిన తన పిడికిలి ఆ చేతిలో పెట్టింది. ఆవిడ దాన్ని మెల్లగా తెరవబోయి, తెరుచుకోక, అలాగే పట్టుకుని చాలాసేపు నిలబడింది. గేటు దగ్గర బోర్డు మీద ఉన్న చేతుల్లా మాత్రం లేదది.

ఆ కంపెనీకి ఇంకో పద్ధతి కూడా ఉందట. తమ పని వల్ల ఎవరికైనా ఉన్న మేలు పోతే, అదే మేలు తిరిగి ఇవ్వాలట. మా వీధి మొత్తంలో నీళ్ళ వల్ల మేలుందని చెప్పినవాళ్ళు ఎవరున్నారు? ముందుసారి రాసుకున్న కాగితాల్లో వదిన ఒక్కతే ఉంది. టవర్లలోకి వెళ్ళకముందు నీళ్ళు ఇంకా వేడిగానే ఉంటాయి కాబట్టి, అక్కడి నుంచి ఒక గొట్టం లాగి, వదిన బండ పక్కన సిమెంటు తొట్టి కట్టి, దానికో కుళాయి పెట్టారు. పెద్ద చక్రం ఉన్న కుళాయి, వేళ్ళతో పనిలేకుండా మోచేత్తో తిప్పొచ్చు. అది ప్రశ్నలావిడ దగ్గరుండి చెప్పి పెట్టించింది. పెట్టించి ఇంకో పచ్చ చుక్క దగ్గరికి వెళ్ళిపోయింది.

కుళాయి తిప్పిన మొదటి పొద్దున వదిన తొట్టిలో చేతులు ముంచి కూర్చుంది. నేను పక్కనే నిలబడి ఆ వేళ్ళనే చూస్తున్నాను. ఒకటి విచ్చుకుంది. ఇంకోటి. మిగతావి విచ్చుకునేలోపే వెనకాల బకెట్ల చప్పుడు. కిరాణా కొట్టాయన, కుట్టుమిషనావిడ, సైకిల్ షాపు మావయ్య, ఇంకా వీధి వీధంతా. ఎవరూ ఎవరి మొహాలూ చూసుకోవడం లేదు. నేను నడుం బిగించాను. నాలుగు మాటలు కడిగి పారేద్దామనుకున్నాను, మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను.

వదిన నన్ను ఆగమంది. కిరాణా కొట్టాయన బకెట్ కుళాయి కింద పెట్టించి, చక్రం మీద మోచెయ్యి ఉంచి అడిగింది.

"ఈ నీళ్ళ వల్ల మీకేమైనా నష్టం జరిగిందా?"

వెటకారం కాదు. ఆవిడకు వెటకారం కూడా రాదు. నిజంగానే అడిగింది, జవాబు కోసం నిజంగానే ఆగింది. కిరాణా కొట్టాయన అటు చూశాడు, ఇటు చూశాడు.

"లేదు" అన్నాడు చివరికి.

"సరిగ్గా వినబడలేదు."

"లేదక్కా! ఏ నష్టమూ జరగలేదు!"

వదిన చక్రం తిప్పింది. బకెట్ నిండింది. కుట్టుమిషనావిడను అడిగింది, నిండింది. సైకిల్ షాపు మావయ్యను అడిగింది. ఒక్కొక్కరూ అందరూ వినేలా లేదని చెప్పి, పొగలు కక్కే బకెట్ పట్టుకుని ఇంటికి వెళ్ళారు. ఎవర్నీ ఉత్త చేతులతో పంపలేదు.

అందరికంటే వెనక మా ఆయన. తల దించుకుని వచ్చి, బకెట్ పెట్టి, అడక్కముందే నోరు తెరవబోయాడు.

"నువ్వు చెప్పేశావులేరా. పట్టు" అంది వదిన.

బకెట్ నిండుతుంటే తమ్ముడి చొక్కా చెయ్యి గుండీ పెట్టక వేలాడుతోందని చూసి, తడిచేతులతోనే అందుకుని, గుండీ పెట్టింది.